ఆమె చెప్పింది, చెరిపింది నేను

చౌడేపల్లె చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఒకామె పేరు వస్తే వెనకే ఒక మాట వస్తుంది: "తెలిసీ చెప్పలేదు." పట్టుపురుగులు గూడు కట్టకుండా పోతాయని ఆమెకు ముందే తెలుసట. ఉద్యోగం ఎక్కడ పోతుందోనని నోరు మూసుకుందట. మొన్నీమధ్య పుంగనూరు బస్టాండులో నా పక్కన కూర్చున్న రైతు ఒకాయన, నేనెవరో తెలియక, ఈ మాట నాతోనే అన్నాడు. విన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను. మదనపల్లె చేరేలోపల ఇది రాయాలని నిర్ణయించుకున్నాను.

ఆ మాట నిజం కాదు. ఆమె చెప్పింది. అందరికంటే ముందు, అందరూ చూసేచోట చెప్పింది. చెప్పినదాన్ని చెరిపేసింది నేను.

నాకిప్పుడు యాభై దాటాయి. ఆ కంపెనీ వదిలేసి కొంతకాలమైంది. ఇప్పుడిప్పుడే సూపర్‌వైజర్లు, మేనేజర్లు అవుతున్న పిల్లలు ఇది చదవాలని నా కోరిక. మీ ఫోన్లలో ఆఫీసు గ్రూపు ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో మాట్లాడేవాళ్లు నలుగురే. మిగతావాళ్లు చూస్తారు, ఊరుకుంటారు. ఊరుకునేవాళ్లకు పని మీద శ్రద్ధ లేదని మీరు అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది ఎంత తప్పో తెలియడానికి నాకు చాలా ఖర్చయింది. "నాకు" అనడం కూడా తప్పే. ఖర్చయింది వేరేవాళ్లకు.

మాది పట్టుపురుగుల వ్యాపారం. గుడ్లు పగిలి వచ్చిన పిల్ల పురుగులను కంపెనీ తన కేంద్రంలో కొన్నాళ్లు పెంచి, కాస్త బలం వచ్చాక రైతులకు ఇస్తుంది. రైతు వాటిని తన షెడ్డులో మల్బరీ ఆకు వేసి పెంచుతాడు. పురుగు నాలుగుసార్లు మేత మానేసి, చర్మం వదిలి లేస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు, అది రోగం కాదు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఆకలి చూడాలి. షెడ్డులో నిలబడితే వాన పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు వినిపిస్తుంది. వారం తిరిగేసరికి ఒళ్లు పండుతుంది. అప్పుడు చంద్రిక మీదికి ఎక్కిస్తే గూడు కట్టుకుంటుంది. చంద్రిక అంటే గూడు కట్టడానికి వీలుగా వెదురుతో చుట్టలుచుట్టలుగా అల్లిన పెద్ద తట్ట. పురుగులకు రోగం రాకుండా ప్రతి జ్వరం లేచినప్పుడూ ఒక మందుపొడి చల్లుతారు. ఆ పొడి కూడా మా కంపెనీయే అమ్మేది.

నేను మదనపల్లెలో ఏరియా మేనేజర్‌ని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్ల ఫీల్డ్ అసిస్టెంట్లు నా కింద పనిచేసేవారు. రోజంతా బండ్ల మీద ఊళ్లు తిరిగి షెడ్లు చూడడం వాళ్ల పని. ఒకరికొకరు కలిసేది నెలకోసారి మీటింగులోనే. అందుకని నేనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియాలని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే, ఆ మాత్రం చెప్పుకుంటాను.

మొదటి ఏడాది ఆ గ్రూపు సంతలాగా ఉండేది. పొద్దున లేస్తే గుడ్ మార్నింగులు, రోజాపూలు, దేవుళ్లు. పుంగనూరామె రోజుకొక బైబిలు వాక్యం పెట్టేది. వాళ్లమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి చిన్నవయసులోనే పోయింది. ఈమె చౌడేపల్లె దగ్గరి పల్లెలో మేనమామ ఇంట్లో, అత్త చేతుల మీద పెరిగింది. ఆ వాక్యం కిందే కుప్పం పెద్దాయన మురుగన్ బొమ్మ పెట్టేవాడు. ఆయన మా అందరిలోకీ వయసులో పెద్ద, మాటలో సగం తమిళం. ఒకసారి ఎవరో మచ్చలు పడ్డ మల్బరీ ఆకు ఫోటో పెట్టి, ఇదేం తెగులు అని అడిగారు. "ఆకుకు తెగులు లేదప్పా, నీ ఫోను అద్దం తుడువు" అని పెద్దాయన జవాబు. ఆ పూటంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఎవరో అది ఏం తెగులో, దానికి ఏం కొట్టాలో కూడా చెప్పేశారు.

తర్వాత మా పై అధికారి గ్రూపులోకి వచ్చాడు. బెంగళూరు ఆఫీసులో ఉండేవాడు కనుక అందరం బెంగళూరు సార్ అనేవాళ్లం. ఒకరోజు ఫోన్లో, "ఏనప్పా, అది గ్రూపా, పూల అంగడియా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను: పనికి సంబంధించినవి తప్ప ఏదీ పెట్టకూడదు, గుడ్ మార్నింగులు పూర్తిగా బంద్. మర్నాడు పొద్దున పుంగనూరామె అలవాటు ప్రకారం వాక్యం పెట్టింది. అందరి ముందూ గ్రూపులోనే మందలించాను. ఆమె "సారీ సార్" అంది. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. రోజూ ఊరికే ఏదో ఒకటి పెట్టే అలవాటున్న మనిషే, కష్టం వచ్చినప్పుడు ఆలోచించకుండా పెట్టగలడు. అవసరమైనప్పుడే మాట్లాడు అంటే, ఇది అవసరమా కాదా అని ముందు తనలో తాను వాదించుకోవాలి. చాలామంది ఆ వాదనలో ఓడిపోతారు.

నాకు ఇంకో గుణం ఉండేది. దాన్ని సుగుణమే అనుకున్నాను. కుప్పం పెద్దాయన ఒకసారి, పురుగులు తెచ్చే వ్యాను ఎండెక్కినాక వస్తోందని, పిల్ల పురుగులు వాడిపోతున్నాయని రాశాడు. నేను వెంటనే, "మంచి విషయం గమనించారు. రేపటి నుంచి వ్యాను సంగతి మీరే చూసుకుని రోజూ రిపోర్టు పెట్టండి" అని జవాబిచ్చాను. అది మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన ఆ నెలంతా తెల్లారకముందే లేచి వ్యాను కోసం రోడ్డు మీద కాపు కాశాడని తర్వాత తెలిసింది. అక్కణ్నుంచి నేనేం రాసినా ఆయన దగ్గరి నుంచి వచ్చింది బొటనవేలు బొమ్మ ఒక్కటే. మిగతావాళ్లూ చూసి నేర్చుకున్నారు. అడిగినవాడి నెత్తినే పని పడుతుంది, చెప్పినవాడే చేసుకోవాలి. ఇక ఎవడు అడుగుతాడు?

కొన్నాళ్లకు గ్రూపులో మిగిలింది నా ఆర్డర్లు, వాటి కింద బొటనవేళ్లు. బెంగళూరు సార్, "ఇప్పుడు చూడు, ఎంత డిసిప్లినో" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ ఏడాది వానలు మొదలయ్యే సమయానికి కంపెనీ కొత్త మందుపొడి తెచ్చింది. పాతదానికంటే బాగా పనిచేస్తుందని చెప్పి, ఎవరెంత అమ్మాలో నిర్ణయించారు. అందరికంటే ఎక్కువ అమ్మింది పుంగనూరామె. సొంత ఊళ్లు, తెలిసిన మనుషులు. ఆమె చెప్తే కొన్నారు. మొదట కొన్నది ఆమె మామే.

అప్పుడే బెంగళూరు సార్ మా ఏరియా చూడడానికి వచ్చాడు. మూడు రోజులు కారులో ఆయన పక్కనే తిరిగాను. ఆ మూడు రోజుల్లో పుంగనూరామె నాకు ఫోన్ చేస్తూనే ఉంది. ఆయన ముందు ఎత్తడం బాగుండదని కట్ చేస్తూ వచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం కుప్పం వైపు పోతున్నాం. ఆయన ముందు సీట్లో, నేను వెనక. కొత్త పొడి అమ్మకాలు మా దగ్గరే బాగున్నాయని అప్పుడే మెచ్చుకున్నాడు. నా ఫోన్ మోగింది. గ్రూపులో వీడియో.

శబ్దం తగ్గించి చూశాను. ఎవరిదో షెడ్డు. చంద్రికల మీద పురుగులు బొటనవేలంత లావున, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక్కటి కూడా గూడు కట్టడం లేదు. తలలెత్తి అటూ ఇటూ ఊపుతూ తిరుగుతున్నాయి, అంచు దాకా పాకి కింద పడుతున్నాయి. కింద ఆమె రాసింది: "సార్, చంద్రిక ఎక్కించి మూడో పొద్దు. ఒక్క పురుగూ దారం తీయలేదు. కొత్త పొడి చల్లిన షెడ్లు నాలుగు చూసినాను, అన్నీ ఇట్లనే ఉండాయి. ఈ పొడి ఆపమని అందరికీ చెప్పండి సార్."

అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచి తీసేసే వీలుంటుంది. ముందు సీట్లో ఆయన ఫోన్ చేతికి తీసుకునేలోపల నేను ఆ పని చేసేశాను.

ఆయన ఫోన్ చూసి, "ఏమిటిది? ఏదో డిలీట్ చేశావే?" అన్నాడు.

"ఏం లేదు సార్. పుంగనూరమ్మాయి పొరపాటున సొంత ఫోటో ఏదో పెట్టేసింది. బాగుండదని తీసేశాను."

ఆయన నవ్వాడు. "హోగ్లి బిడు, పోనీలే. ఫోన్ పట్టుకునేది నేర్పించు ముందు" అన్నాడు.

ఎందుకు అలా చేశానని చాలాసార్లు నన్ను నేను అడిగాను. పురుగులు చచ్చినా పరవాలేదని మాత్రం అనుకోలేదు. ముందు నేను వెళ్లి చూడాలి, తర్వాత నా మాటల్లో, నా పద్ధతిలో ఆయనకు చెప్పాలి అనుకున్నాను. నా గ్రూపులో నా పైవాడికి నాకంటే ముందు చెడు కబురు తెలియడం నాకు ఇష్టం లేదు. అంతే. ఇంతకు మించి పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండుననిపిస్తుంది.

సాయంత్రం కుప్పంలో టీ కోసం ఆగినప్పుడు పక్కకు వెళ్లి ఆమెకు ఫోన్ చేశాను.

"గ్రూపులో యాల పెట్టినావమ్మా? నాకు చెప్పొచ్చు కదా."

"చేసినాను సార్. మీరు ఎత్తలా."

"సరే. రెండు రోజులు గమ్మునుండు. నేనే వచ్చి చూస్తాను."

"అంతవరకు పొడి సార్? మా మామ షెడ్లో రేపు నాలుగో జ్వరం లేస్తాది. కుప్పం పక్క కూడా లేస్తాండాయంట. లేస్తానే సల్లేస్తారు."

"రేపు పొద్దున్నే వస్తాను. రైతులకు చెప్పేది నేను చెప్తాను. నువ్వు ఊళ్లో ఒక్క మాట అన్నా అది కంపెనీ మీదికి వస్తుంది. అప్పుడు నీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదు."

"పొద్దున్నే వస్తారా సార్?" అంది.

"వస్తానమ్మా."

"సరే సార్."

పొద్దున నేను వెళ్లలేదు. బెంగళూరు సార్ కుప్పంలోనే ఇంకో రోజు ఉంటానన్నాడు. ఆమె నా కోసం చౌడేపల్లె రోడ్డు మీద మధ్యాహ్నం దాకా నిలబడింది. ఆ మధ్యాహ్నమే ఆమె మామ పొడి చల్లాడు. కుప్పం వైపూ చల్లారు.

పది రోజుల తర్వాత మూడు వైపుల నుంచీ ఒకటే కబురు. తిని తిని లావెక్కిన పురుగులు గూడు కట్టకుండా చంద్రికల మీదే మెత్తబడి నల్లబడిపోయాయి. రైతులు గంపలకెత్తి గుంతల్లో పోసి సున్నం చల్లారు. ఆ వాసన షెడ్లలో చాలా రోజులు పోలేదు. టమోటా తోటలకు కొట్టే మందు డబ్బాలు, మా పొడి బస్తాలు ఒకే వ్యానులో వచ్చాయనీ, దారిలో ఒక డబ్బా కారిందనీ కంపెనీ లోపల తర్వాత తేలింది. పొడిలో ఆ మందు ఎంత కలిసిందో ఏమో, చంపేంత కాదు, పురుగు గూడు కట్టే సమయాన్ని మరిపించేంత కలిసింది.

రైతులు పుంగనూరు ఆఫీసుకు వచ్చారు. లోపల బెంగళూరు సార్ మా అందరినీ కూర్చోబెట్టాడు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ రోజు సంగతే.

"ఇంత నష్టం జరుగుతుంటే ఒక్కరు కూడా ఎందుకు చెప్పలేదు? గ్రూపు ఉండేది దేనికి?" అన్నాడు.

పుంగనూరామె లేచి నిలబడింది. "నేను పెట్టినాను సార్, గ్రూపులో. వీడియో పెట్టినాను" అంది.

"ఎప్పుడు?"

"మీరు కుప్పం వచ్చిన పొద్దు."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది. "ఓ, అదా? అది నువ్వు పొరపాటున పెట్టిన సొంత ఫోటో కదమ్మా? మీ మేనేజర్ చెప్పాడులే" అన్నాడు.

ఎవరో వెనక వరుసలో చిన్నగా నవ్వారు. వీడియో చూసినవాడు నవ్వి ఉండడు, చూడనివాడే అయ్యుంటాడు. ఆమె ముందు ఆయనను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఏం ఫోటో అని అడగలేదు. మొహంలోకి రక్తం పాకింది. గదిలో మగవాళ్లందరం ఆమెకేసి చూస్తున్నాం. ఆమెకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది, నాకు తెలుస్తూనే ఉంది. నా ముందు టీ గ్లాసు ఉంది. దాని మీద కట్టిన మీగడ చూస్తూ కూర్చున్నాను.

"ఆమె చెప్పింది నిజమా?" అని బెంగళూరు సార్ నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు. కానీ బయట అడిగారు.

బయటికి వచ్చాం. రైతుల ముందు వరుసలో ఆమె మామ ఉన్నాడు, పొడుగాటి మనిషి, తలకు తువ్వాలు. ఆమె ఆయన దగ్గరికి పోయి, "మామా, నేను ముందే సార్‌కు చెప్పినాను. సార్ గమ్మునుండమన్నాడు. పొద్దున్నే వస్తానన్నాడు" అంది. ఆయన ఆమెను దాటుకుని నా ముందుకు వచ్చాడు. కోపంగా రాలేదు. ఆశగా వచ్చాడు, అది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"సార్, మా అమ్మి మీకు చెప్పిందా?"

నా పక్కన బెంగళూరు సార్ ఉన్నాడు.

"లేదు" అన్నాను.

ఆయన తలూపాడు. వెనక్కి తిరిగి ఆమెతో, "అంత పెద్ద సార్ అబద్ధం చెప్తాడా మే? పొడి నువ్వే అమ్మితివి. పక్కూర్లో పురుగు సచ్చేది నీ కండ్లతో సూస్తివి. ఇంటికొచ్చి నా కంచంలో తింటివి, ఒక్క మాట అనకపోతివి" అన్నాడు. ఆమె ఏం చెప్తుంది? ఒక్క మాట అనలేదన్నది నిజమే. అనొద్దని ఆజ్ఞ ఇచ్చినవాడు ఎదురుగా నిలబడి లేదన్నాడు.

ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేశారు. రిపోర్టు చేయలేదన్నది కారణం. ఆ కాగితం మీద సంతకం నాదే.

కొన్నాళ్లకు కుప్పం పెద్దాయన కంపెనీ మానేస్తూ, లెక్కలు చూపించి పోదామని మదనపల్లె ఆఫీసుకు వచ్చాడు. పని అయ్యాక కూర్చోలేదు, నిలబడే అడిగాడు.

"సార్, ఒకటి సూపిస్తా. కోపం సేసుకోరు గదా."

"ఇంక మీ మీద నాకు కోపం ఏముంటుంది పెద్దాయనా?"

ఫోన్ తీసి చూపించాడు. ఇంకో గ్రూపు. మా వాళ్లందరూ ఉన్నారు, నేను లేను. పైకి జరుపుతూ పోయాడు. గుడ్ మార్నింగులు, బైబిలు వాక్యాలు, మురుగన్, వ్యాను ఎక్కడ ఆగిందో, ఏ ఊళ్లో ఏ రోగమో, దానికి ఎవరేం చేశారో. నేను మూడేళ్లు అడుక్కున్నదంతా అక్కడ ఉంది. నా గ్రూపులో చచ్చిపోయిందనుకున్నది అక్కడ హాయిగా బతుకుతోంది.

"ఇదంతా మన గ్రూపులో పెట్టొచ్చు కదా?" అన్నాను. ఆ ప్రశ్న ఎంత బుద్ధిలేనిదో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"మీ గ్రూపులో నోరు తెరిస్తే పని పెరుగుతాది సార్. ఈడ తెరిస్తే పని తగ్గుతాది" అన్నాడు. "అంతే. మాకేం మీ మీద పగ లేదు."

తర్వాత ఆ వీడియో పెట్టిన రోజుకు వచ్చి ఆపాడు. నేను చదివాను. దానికి ముందు రెండు రోజులుగా పొడి సంగతే మాట్లాడుకున్నారు. మదనపల్లె వైపు ఒకడు నాలుగు ఫోటోలు పెట్టాడు. పెద్దాయన తనకూ అనుమానంగానే ఉందన్నాడు. పుంగనూరామె రాసింది: "సార్ ఫోన్ ఎత్తలేదు. ఆ గ్రూపులోనే పెట్టేస్తాను. నేను మొదట పెడతాను, నా వెనకే మీరూ మీ ఊర్లవి పెట్టండి. అందరం పెడితే ఒకరి మీదికి రాదు." దాని కింద వరసగా సరే, సరే, రెడీ అక్కా.

"అందరం ఫోటోలు ఎత్తిపెట్టుకుని ఉండినాం సార్" అన్నాడు పెద్దాయన. "నాది కూడా. అమ్మి పెట్టింది. ఒక్క నిమిషం. పోయింది. అడ్మిన్ తీసేసినాడని వచ్చింది. నా వేలు ఆన్నే నిలిచిపోయింది. అందరివీ అంతే." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆ మీటింగులో కూడా నేను లేచి చెప్పొచ్చు. లేయలా. పింఛను ఫైలు మీ దగ్గరుండె. తప్పు మీదొక్కరిదే అని నేను అనను సార్. కానీ మొదలు మీది."

ఇంతమంది గమ్మున కూర్చున్నారంటే వాళ్లకు చెప్పేది లేక కాదు. మొదట చెప్పిన మనిషికి ఏమవుతుందో చూద్దామని అంతా ఆగి ఉంటారు. ఏమవుతుందో నేను చూపించాను. మీ గ్రూపుల్లో మౌనం కనిపిస్తే, ఎవరు మొదట మాట్లాడారో, వాళ్లను మీరేం చేశారో గుర్తుచేసుకోండి. నాకు తెలిసిన విద్య ఇంతే.

పెద్దాయన వెళ్లాక కూడా నేను బెంగళూరుకు ఫోన్ చేయలేదు. ఇంకో రెండేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాను. తర్వాత మానేశాను, అదీ వేరే కారణంతో.

బస్టాండులో ఆ రైతు మాట విన్నాక ఇక్కడిదాకా రాశాను. అచ్చుకు పంపే ముందు ఆమెకు చూపించాలనిపించింది. కుప్పంలో ఒక పాలకేంద్రంలో పనిచేస్తోందని తెలిసి వెళ్లాను. పాలడబ్బాలు కడుగుతూ ఉంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివింది. మధ్యలో ఒకచోట ఆగింది, ఎక్కడో నాకు తెలుసు. చివరిదాకా చదవకుండానే తిరిగిచ్చేసింది.

"బాగానే రాసినారు సార్. మా ఊర్లో ఎవురు సదువుతారు దీన్ని?"

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ పొద్దు నోటితో కదా లేదంటిరి. నోటితోనే పోయి చెప్పండి, మా మామకు" అంది. "నాకు సారీ చెప్పేది వద్దు. అది నాకేం పనికిరాదు."

ఆ మర్నాడే చౌడేపల్లె బస్సెక్కాను, అక్కణ్నుంచి ఆటో. ఆ ఊళ్లో మల్బరీ తోటలు పోయాయి. పురుగుల షెడ్డులో ఆవులను కట్టేశారు. మామ మునుపటికంటే చాలా వంగిపోయి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. మంచం చూపించాడు. కూర్చోకుండానే చెప్పాను, అన్నీ. వీడియో, చెరిపింది, ఫోన్లో గమ్మునుండమన్నది, పొద్దున్నే వస్తానని రాకపోయింది, ఈయన అడిగితే లేదన్నది.

ఆయన ఆవులకేసి చూశాడు.

"ఆ పొద్దు నేను నిన్ను అడిగితిని కదప్పా" అన్నాడు.

"అడిగారు."

"నువ్వు అవునంటావని అడిగితిని."

నేను తల దించుకున్నాను.

"మా యామె పోయి రెండేండ్లయింది" అన్నాడు. "పోయే ముందు వారం దినాలు ఒకటే మాట, అమ్మిని పిలిపించు, అమ్మిని పిలిపించు అని. ఎత్తి పెంచింది కదా. నేను పిలిపీలా. మన పురుగు సచ్చేటప్పుడు గమ్మునున్నది మనింటికి యాల అంటిని. మట్టి చేసినాక ఎవురో చెప్తే తెలిసిందంట దానికి. సమాధి కాడికి ఒకతే వచ్చి పోయిందంట. నా గడప తొక్కలా."

చెప్పాల్సినదంతా చెప్పేస్తే అయిపోతుందనుకుని వచ్చాను. ఇది నా లెక్కలో లేదు.

ఆయన లోపలికి పోయి ఫోన్ తెచ్చాడు, బటన్ల ఫోన్. "దాని నంబరు నా దగ్గర లేదు. నీ దగ్గరుంటే కొట్టియ్యి" అన్నాడు.

నంబరు చూసి కొట్టిచ్చాను. ఆయన చెవికి పెట్టుకుని, మోగుతోంది అన్నట్టు నాకేసి చూశాడు. నేను చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. ఆమె ఎత్తిందో లేదో నాకు తెలియదు.